అంటు మచ్చ

హనుమయ్య ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తిన మనిషి కాదు. నాదెండ్ల మండలంలో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. గొంతు కూడా పెంచడు. కోపం వస్తే ఆ మనిషితో మాట మానేస్తాడు, అంతే. ఆయన మానేస్తే ఇల్లంతా మానెయ్యాలి. కొడుకులు, కోడళ్ళు, పాలేరు, పాలకోసం చెంబు పట్టుకొచ్చే ఇరుగుపొరుగు, అందరూ. చుట్టాలైతే అరుగు దగ్గర చెప్పులు విడుస్తూనే, ఈ ఇంట్లో ఇప్పుడు ఎవరితో మాట్లాడకూడదో కనుక్కుని మరీ లోపలికి వస్తారు.

ఐదేళ్ళుగా ఆ ఇంట్లో మాట లేని మనిషి చిన్నకోడలు ప్రేమలత.

ప్రేమలతకు ఏదైనా చెప్పవలసి వస్తే పెద్దకోడలు విజయలక్ష్మి గోడకు చెబుతుంది. "చింతపండు నానబెట్టాలి" అని వంటింటి గోడతో అంటుంది. కాసేపటికి గిన్నెలో చింతపండు నానుతూ ఉంటుంది. "రాత్రికి చుట్టాలొస్తన్నారు" అని బియ్యం డబ్బాతో అంటుంది. ఎసట్లో బియ్యం ఎక్కువ పడతాయి. మొదట్లో ప్రేమలత "అట్టాగే అక్కా" అనేది. అన్నప్పుడల్లా విజయలక్ష్మి గతుక్కుమని వసారా వైపు చూసేది. ఏడాది తిరిగేసరికి ఆ అనడం కూడా ఆగిపోయింది. ఒకసారి ప్రేమలత జ్వరంతో లేవలేకపోతే విజయలక్ష్మి గుమ్మంలో నిలబడి, "జ్వరం బిళ్ళలు అలమరలో ఉన్నయ్" అని తలుపుతో చెప్పి వచ్చేసింది. తలుపు లేచి వెళ్ళి బిళ్ళలు తేలేదు. మర్నాడు సాయంత్రానికి ప్రేమలతే గోడ పట్టుకుని నడిచి వెళ్ళి తెచ్చుకుంది.

ఇప్పుడు ఆమె గొంతు వినాలంటే పశువుల కొట్టం వెనక్కి వెళ్ళాలి. నరసరావుపేట హాస్టల్లో ఉన్న కొడుక్కి ఆదివారం సాయంత్రాలు అక్కడ కూర్చునే ఫోన్ చేస్తుంది.

వేరు కాపురం పెడదామని ఆమె భర్త సాంబశివరావు ఒకసారి తండ్రి దగ్గర కదిపాడు. "పెట్టుకో నాయనా, కాదన్నానా? పొలం మాత్రం నాకాడే ఉంటది" అన్నాడు హనుమయ్య నవ్వుతూ. సాంబశివరావు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. గదిలో తలుపేసుకున్నాక పెళ్ళాంతో గుసగుసగా మాట్లాడతాడు. తలుపు తీశాక అతనూ గోడతోనే.

ఆ ఇంట్లో మాట లేని మనిషి చోటు ఎప్పుడూ ఒక్కటే. ఇద్దరితో ఒకేసారి మాట మానెయ్యడు హనుమయ్య. ప్రేమలతకు ముందు ఆ చోటు ఆయన భార్యది. ఆమె పోయిన రోజున కూడా ఆయన పాడె వైపు చూడకుండా, వాసం వైపు చూస్తూ "ఇంక ఎత్తండి" అన్నాడు. మాటలు పడి బతికే ఆడవాళ్ళు ఊళ్ళో కావలసినంత మంది. మాటే పడకుండా బతకడం ఎలా ఉంటుందో విజయలక్ష్మి మొదట అత్తగారిలో చూసింది, తర్వాత తోటికోడలిలో చూసింది. చూసింది గనకే ఆ చోటు తనది కాకుండా ఉండటానికి ఏమైనా చేస్తుంది. చేసింది కూడా.

ఇదంతా ఒక ఆపిల్ గింజ దగ్గర మొదలైంది.

ఐదేళ్ళ కిందట శివరాత్రికి కోటప్పకొండ వెళ్ళి వచ్చిన హనుమయ్య గుళ్ళో ప్రసాదంగా ఇచ్చిన ఆపిల్ తిని, గింజలు పారెయ్యకుండా తడిగుడ్డలో కట్టాడు. ఒకటి మొలిచింది. దాన్ని పెరట్లో బావి పక్కన నాటి, చుట్టూ కంప పాతించి, వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. ఒకనాడు మిర్చి బేరానికి వచ్చిన నలుగురు పెద్దమనుషులు వసారాలో కూర్చుని ఉండగా, "చూడండయ్యా, పల్నాడు ఎండలో కాశ్మీరు కాయ కాయిత్తా. నా చేత్తో పెడితే రాయి కూడా మొలకెత్తుద్ది" అన్నాడు.

మజ్జిగ గ్లాసులు తెచ్చిన ప్రేమలత అప్పటికింకా ఆ ఇంటి పద్ధతి పూర్తిగా వంటబట్టని మనిషి. పళ్ళెం పట్టుకుని నిలబడే నవ్వింది.

"మావయ్యా, ఆపిల్ గింజ వేస్తే ఆ ఆపిల్ రాదంట. తల్లి ఒకటి, తండ్రి ఒకటి, గింజ గింజకీ ఒక కొత్త చెట్టు. చానావరకూ రేగుపండంత పుల్లకాయలేనంట. అందుకే అంటు కడతారంట."

పెద్దమనుషులు పకాలున నవ్వారు. "హనుమయ్యా, కోడలు బాగానే చదివిందే!" అన్నాడొకాయన. హనుమయ్య కూడా నవ్వాడు. మజ్జిగ తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. రాత్రి భోజనాల దగ్గర కొడుకులతో, ఏదో ఎరువు సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"ఆ చెట్టు కాసిన రోజున ఆ కాయ తిని, తీపో పులుపో నలుగురిలో చెప్పాల. అప్పటిదాకా ఆ నోటితో మనకి పని లేదు."

మొక్కకు నీళ్ళు పోసే పని విజయలక్ష్మికి అప్పజెప్పాడు.

రెండు నెలలు తిరక్కముందే ఆయన కంటి ఆపరేషనుకని హైదరాబాదు కూతురింటికి వెళ్ళాడు. ఆయన వెళ్ళిన వారంలోనే మొక్క చిగురు కింద పేనుబంక పట్టింది. విజయలక్ష్మి ఏ పనైనా శుభ్రంగా చేసే మనిషి. కొట్టంలోంచి మందు కొట్టే పంపు తీసి, వేపనూనె కలిపి, ఆకు పైనా కిందా తడిసేలా కొట్టింది. ఆ పంపుతో ముందురోజే పాలేరు పత్తి చేను గట్ల మీద కలుపు మందు కొట్టాడని, కడక్కుండానే తెచ్చి పెట్టాడని ఆమెకు తెలియదు. పల్నాడులో ఆడవాళ్ళు పొలానికి కొట్టే మందుల్ని ముట్టుకోరు గానీ, వాసన చూసి ఏ మందో చెప్పగలరు. వేపనూనె ఘాటులో ఆ వాసన దాక్కుంది. నాలుగో రోజుకి ఆకులు వెలిసిన పాత రైకగుడ్డలా పాలిపోయాయి. వారానికి మొక్క ఎండి పుల్లయింది.

ఆ పుల్లను చేతిలో పట్టుకుని బావి పక్కన కూర్చున్నప్పుడు విజయలక్ష్మికి గుర్తొచ్చింది మొక్క కాదు. అత్తగారి చివరి రోజుల్లో ఆమె మంచం పక్కన ఉండిన ఇత్తడి గంట. మంచినీళ్ళు కావాలంటే ఆమె గంట కొట్టేది. పిలిస్తే ఎవరూ పలకరు గనక.

మర్నాడు నరసరావుపేట వెళ్ళింది, పంటి డాక్టరు దగ్గరికని. పల్నాడు రోడ్డు మీద వ్యాన్లో మొక్కలమ్మేవాడి దగ్గర ఆపిల్ మొక్కలున్నాయి. "వేడి ప్రాంతానికి పనికొచ్చే రకమేనమ్మా, అంటు మొక్క. చలికాలం ఆకంతా దూసెయ్యండి, పూత వచ్చుద్ది. ఇదిగో, ఈ అంటు కట్టిన చోటు మాత్రం మట్టిలో పూడ్చొద్దు, కుళ్ళిపోద్ది" అన్నాడు. కాండం మీద జానెడు ఎత్తున, మోకాలి చిప్పలా చిన్న బుడిపె ఉంది. కింద ఒక చెట్టు వేరు, పైన ఇంకో చెట్టు కొమ్మ, రెండూ అతుక్కున్న చోటు. విజయలక్ష్మి ఆ మొక్కను సిమెంటు బస్తాలో చుట్టి ఆటోలో కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చింది. పాత మొక్క ఎత్తుకు తగ్గట్టు కొస తుంచింది. అదే గుంటలో నాటింది. బుడిపె కనబడకుండా చుట్టూ మట్టి ఎగదోసింది.

అందులో ఎవరికీ అనుమానం రాదు. మిరప గానీ పసుపు గానీ, మొదట్లోకి మట్టి ఎగదోస్తేనే ఆ వైపు సేద్యం. మొదలు బయటపడిన మొక్కను చూస్తే దిక్కులేని పిల్లను చూసినట్టు చూస్తారు.

హనుమయ్య హైదరాబాదు నుంచి నల్ల కళ్ళద్దాలతో దిగాడు. తిన్నగా పెరట్లోకి నడిచాడు. కళ్ళద్దాలు తీసి మొక్క ముందు చాలాసేపు కూర్చున్నాడు. కాండం మీద చెయ్యి వేసి కిందికి, మట్టి దాకా నిమిరాడు. వెనక నిలబడిన విజయలక్ష్మికి ఊపిరాడలేదు. ఆపరేషనైన కన్ను కదా, ఇంకా మసకగానే ఉండి ఉంటుందని ధైర్యం చెప్పుకుంది.

"బాగా పెంచావమ్మా" అన్నాడాయన లేస్తూ. "గాలికి ఊగకుండా ఇంకాస్త మట్టి వెయ్యి."

ఆనాటి నుంచి ఎవరొచ్చి చెట్టు చూసినా ఆయన నోట అదే మాట. "మా పెద్దకోడలి చేతి చలవయ్యా. ఏం విజయా, ఇంకాస్త మట్టి వెయ్యమ్మా." వాన వెలిస్తే ఆమెకు నిద్ర పట్టేది కాదు. మట్టి కరిగి మచ్చ కనబడుతుందేమోనని తెల్లారకుండానే లేచి గంప మట్టి తెచ్చి పోసేది. కుప్ప మోకాలెత్తు పెరిగింది. డిసెంబరులో పురుగు పట్టిందని చెప్పి ఆకంతా దూసేసేది. ఆకు దూసిన చేతులు రెండు రోజులు పసర కంపు కొట్టేవి. మామగారు తనను మెచ్చుకుంటున్నాడనే ఆమె అనుకుంది. ఆ మెప్పు కింద ఏముందో మట్టి తీసి చూసుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.

మూడో ఏట చెట్టు పూసింది. మేలో కాయలు ఎరుపు తిరిగాయి. పెద్దవి, కోల ముఖం, సంతలో కొన్నట్టే ఉన్నాయి.

హనుమయ్య అదే నలుగురు పెద్దమనుషుల్ని పిలిపించాడు. వసారాలో కుర్చీలు వేయించాడు. ఒక కాయ విజయలక్ష్మి చేతికిచ్చి కొయ్యమన్నాడు. ఆమె కోసింది. ఒక ముక్క పళ్ళెంలో పెట్టించి, ఆ పళ్ళెం తీసుకెళ్ళి గడప మీద పెట్టించాడు. గడపకు లోపల ప్రేమలత నిలబడి ఉంది. వంగి ముక్క తీసుకుంది. అందరూ చూస్తుండగా నమిలింది, మింగింది. రెండేళ్ళుగా ఆ వసారాలో వినబడని గొంతుతో, గరగరలాడుతూ అంది:

"తీపిగా ఉంది మావయ్యా. తప్పు నాదే."

హనుమయ్య చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చుట్టూ చూశాడు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పెద్దమనుషులు ఈసారి ఆయన వైపున నవ్వారు. "లేదే, గాలేమో" అన్నాడు ఆనాడు కోడలి చదువును మెచ్చుకున్నాయన. నవ్వుతున్నవాళ్ళలో కత్తి చేత పట్టుకున్న విజయలక్ష్మి కూడా ఉంది. ఆ నవ్వు ఆమె పిలిస్తే రాలేదు. వచ్చాక ఆపుదామన్నా ఆగలేదు. ప్రేమలత ఆమె వైపే చూసింది. తర్వాత పళ్ళెం తీసుకెళ్ళి కడిగి బోర్లించింది.

మాట మాత్రం తిరిగి రాలేదు.

మరో రెండేళ్ళకు ఆ చెట్టు సంగతి పేపర్లో పడింది, హనుమయ్య ఫొటోతో సహా. అది చదివి ఫాయిజా వచ్చింది. నరసరావుపేట పిల్ల. ఆపిల్ చెట్ల మీద పరిశోధన చేస్తోంది. స్కూటీకి ముందు ఒక ఐసు పెట్టె, వెనక ఒక పరికరాల సంచి.

"మోటార్లు చుట్టే మస్తాను కూతురివా? మీ నాన్న మా బోరు మోటారు రెండుసార్లు తగలబెట్టాడే" అన్నాడు హనుమయ్య.

"మూడోసారి బాగు చేశాడు కదా తాతగారూ" అంది ఫాయిజా.

విజయలక్ష్మికి ఆ పిల్ల మొదటి చూపులోనే నచ్చింది. ఆ నచ్చడంతోపాటే భయమూ వేసింది. ఎందుకంటే ఆ పిల్ల చెట్టును చూసే చూపు చుట్టాలు చూసే చూపు కాదు. ఆకు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. ఒక చిన్న గాజు డబ్బాలో ఆకును బిగించి, అది గాలి ఎలా పీలుస్తోందో, ఎంత నీరు వదులుతోందో చూసింది. చూస్తూనే, మొగుడి కబుర్లు చెప్పే కొత్తపెళ్ళికూతురిలా చెట్టు కబుర్లు చెప్పింది.

"ఆపిల్‌కు నిద్ర ఎక్కువ ఆంటీ. చలికాలం నిద్రపోద్ది. ఎన్ని గంటల చలి పడిందో లోపల లెక్క వేసుకుంటది. ఆ లెక్క నిండితేగానీ లేవదు, పూయదు. ఎంత చలి కావాలనేది దాని జన్యువుల్లో ఉంటది, పుట్టుకతో వచ్చుద్ది. మన దగ్గర ఆ చలి యాడుంది? అయినా ఇది లేచిందంటే, గింజలోనే దీని లెక్క మారి పుట్టి ఉండాల. అట్టాంటి గింజ చెట్టు ఒక్కటి దొరికితే చాలు, దాన్నించి ఎన్ని రకాలైనా తయారు చేసుకోవచ్చు. నేను నాలుగు జిల్లాలు తిరిగా. ఇదొక్కటే." తర్వాత కొమ్మ కొస చూసి ఆగింది. "ఆకు దూస్తున్నారా?"

విజయలక్ష్మి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"దూస్తే తప్పా?" అన్నాడు హనుమయ్య.

"తప్పు కాదు తాతగారూ. చలి లేని చోట ఆకంతా దూసేస్తే చెట్టు మోసపోద్ది. చలికాలం వచ్చి పోయిందనుకుని పూస్తది."

"అంటే, ఒళ్ళు ఒలిస్తేగానీ మాట వినదన్నమాట." ఆయన వంటింటి కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "మంచి జాతే."

ఫాయిజా ఆ చూపు ఎటు పోయిందో గమనించలేదు. ఆకులు కోసి కవర్లలో వేసుకుంటూ, "ఇంకోటి, గింజ చెట్టు ఆరేడేళ్ళు పోతేగానీ కాయదు. మూడో ఏటే కాసిందంటే దీనికి తొందరెక్కువే" అని నవ్వింది.

"ఆకులు తీసుకెళ్ళి ఏం చేత్తావ్? కోర్టులో సాక్ష్యం చెప్పిత్తావా?"

"చెప్పుద్ది తాతగారూ. అబద్ధం చెప్పటం ఆకుకి రాదు."

"మా ఇంట్లో పుట్టింది, వచ్చే ఉంటదిలే. మొదలు మాత్రం ముట్టుకోబాక. మా పెద్దకోడలు పోసిన మట్టి అది. దిష్టి తగులుద్ది."

ఫాయిజా మొదలు ముట్టుకోలేదు. కానీ వెళ్ళబోతూ, మట్టికుప్ప అంచులోంచి పొడుచుకొచ్చిన ఒక సన్నని పిలకను చూసి వంగింది. "ఇదేంది ఆంటీ, దీని ఆకు వేరుగా ఉంది?" అని రెండాకులు తుంచి, విడిగా ఇంకో కవర్లో వేసుకుంది.

ఆ పిలకను విజయలక్ష్మి ఆ సాయంత్రమే పెరికేసింది.

ఎండాకాలం వెళ్ళి వానలు పడ్డాక చెట్టు ఒక పక్కన పసుపు తిరిగింది. విజయలక్ష్మి యూరియా వేసింది, ఇంకాస్త మట్టి వేసింది. పసుపు ఎక్కువైంది. అలాంటి ఒక ఆదివారం సాయంత్రం, హనుమయ్య పొలం వైపు వెళ్ళిన వేళ, ఫాయిజా స్కూటీ పెరటి దొడ్డిదారిన వచ్చి ఆగింది. ఈసారి సంచీ లేదు, ఐసు పెట్టె లేదు.

"ఆంటీ, మీతో ఒక్కదానితోనే మాట్లాడదామని వచ్చా" అంది.

విజయలక్ష్మి చేతిలోని బిందె కింద పెట్టింది.

"గింజలోంచి పుట్టిన చెట్టయితే తల్లిదొక సగం, తండ్రిదొక సగం రావాల. ఏ రెండు గింజ చెట్లూ ఒకటి కావు. మీ చెట్టు ఆకు 'అన్నా' అనే రకంతో గీతకు గీత సరిపోయింది. దాని పిల్ల కాదు, చెల్లెలు కాదు, అదే చెట్టు. నర్సరీల్లో అమ్మే రకం. కింద పిలక ఆకు మాత్రం వేరే చెట్టుది." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఒక మొదలు మీద రెండు చెట్లున్నాయంటే ఒకటే అర్థం కదా ఆంటీ. ఆ మట్టి తియ్యనా?"

విజయలక్ష్మి తియ్యమనలేదు, వద్దనలేదు. ఫాయిజా కూర్చుని చేతులతోనే మట్టి తోడింది. పైది పొడిమట్టి. లోపలిది తడిగా, పులిసిన పిండి వాసన కొట్టింది. జానెడు లోతు పోయేసరికి మచ్చ బయటపడింది. బుడిపె ఇప్పుడు పిడికిలంత ఉంది. దాని చుట్టూ బెరడు నల్లగా మెత్తబడి, గోరు పెడితే ఊడి వస్తోంది.

"కుళ్ళు. సగం దాకా వచ్చింది. గాలీ ఎండా తగలనిస్తే ఇంకా బతుకుద్ది. మళ్ళీ మట్టి పోశారంటే వచ్చే వేసవి చూడదు" అంది ఫాయిజా. తలెత్తి విజయలక్ష్మి ముఖం చూసింది. ఆ ముఖంలో ఏం కనబడిందో గానీ, మాట మార్చింది. "చూడండాంటీ, నా పనిలోంచి ఈ చెట్టును తీసేస్తా. ఎందుకు తీసేశానో మీ ఇంట్లోవాళ్ళకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు. నాలుగు జిల్లాలు తిరిగిన శ్రమ పోయింది, పోతే పోయింది. మట్టి మాత్రం పోయకండి."

విజయలక్ష్మికి ఐదేళ్ళ తర్వాత మొదటిసారి గుండెల నిండా గాలి ఆడింది. ఆ పిల్ల చేతులు పట్టుకోబోయింది.

"ఏందమ్మా, మస్తాను కూతురా, మొదలు ముట్టుకోబాకని చెప్పలా?"

హనుమయ్య దొడ్డిగుమ్మంలో కర్రకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. నెమ్మదిగా నడిచి వచ్చి, గుంటలోకి వంగి చూశాడు. కర్రతో బుడిపె మీద టకటక కొట్టాడు.

"పెరిగిందే" అన్నాడు.

విజయలక్ష్మి గుంటకు అడ్డంగా జరిగింది. "మావయ్యా, నేను..."

"నువ్వేందమ్మా, భయపడతన్నావ్? గురజాల దగ్గర ఇరవయ్యేళ్ళు బత్తాయి తోట చేసినోణ్ణి. అంటు మచ్చ తెలీదా నాకు? ఆ రోజు హైదరాబాదు నుంచి దిగి, కొత్త కన్నుతో ఈ పెరట్లో మొట్టమొదట చూసింది దీన్నే. నువ్వు మట్టి సరిగ్గా కప్పలా. నేనే కప్పి లేచా."

"తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నారు తాతగారూ?" అంది ఫాయిజా.

"ఊరుకోక? గింజ చెట్టయితే కాసుద్దో కాయదో, కాసినా పులుపో ఏందో. పులుపైతే ఆ నోటి మాటే నిజమైపోద్ది. ఇదైతే ఖాయంగా కాసుద్ది. తీపి కాయ. నా పెద్దకోడలు నా పరువు నిలబెట్టింది." ఆయన విజయలక్ష్మి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి తేలిగ్గా, వెచ్చగా ఉంది. "పైగా వానొచ్చినప్పుడల్లా గంప నెత్తినెట్టుకుని పరిగెత్తేది చూడు, కిటికీలోంచి చూస్తా పడుకునేవాణ్ణి. ముసలాడికి అంతకు మించిన సరదా ఏముంటది?"

పశువుల కొట్టం వెనక ఏదో కదిలింది. మాట లేని మనిషి ఎక్కడ ఉందో ఆ ఇంట్లో ఎవరూ చూసుకోరు. ప్రేమలత ఫోన్ చేతిలో పట్టుకుని కొట్టం మూల మలుపు తిరిగి వచ్చింది. ఫోన్లో ఆమె కొడుకు "అమ్మా, అమ్మా, వినపడతందా?" అంటున్నాడు. ఆమె ఫోన్ కట్టేసింది. హనుమయ్యను దాటి, ఫాయిజాను దాటి, గుంట దగ్గరికి వచ్చి బుడిపెను చూసింది. తర్వాత విజయలక్ష్మికి ఎదురుగా నిలబడింది. గోడకు చెప్పినట్టు కాదు. ముఖంలో ముఖం పెట్టి.

"అక్కా. ఆ రోజు వసారాలో నువ్వు కోసి ఇచ్చిన ముక్క, ఇది అంటుదని తెలిసే కోశావా?"

విజయలక్ష్మి గుంటలోకి చూసింది.

"తప్పు నాదేనని నలుగురిలో చెప్పా. చెప్తంటే నువ్వు నవ్వావు. అప్పుడు కూడా నీకు తెలుసా? వేరే ఏం అడగనక్కా. తెలుసనో తెలీదనో, ఒక్కమాట చెప్పు చాలు."

విజయలక్ష్మి నోరు తెరిచింది. తెలుసు అనే మాట నాలుక చివరే ఉంది. అది చాలా చిన్న మాట. ఆ మాట అంటే ప్రేమలతకు పోయిన ఐదేళ్ళు తిరిగి రావు. కానీ ఈ సాయంత్రం నుంచి ఆమె తప్పులేని మనిషి అవుతుంది. ఫాయిజా కూడా ఆ మాట కోసమే చూస్తోందని ఆమెకు తెలుస్తోంది.

హనుమయ్య భుజం మీది చెయ్యి తీశాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. కొట్టం గోడ వైపు, చింతచెట్టు వైపు, ఆకాశం వైపు చూశాడు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా, విజయా?"

చెయ్యి తీసిన చోట భుజం చల్లబడింది. ఆ చల్లదనం ఎంతకాలం ఉంటుందో ఆమెకు తెలుసు. ఇత్తడి గంట అటక మీదే ఉంది. పారెయ్యమని ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

"లేదు మావయ్యా" అంది విజయలక్ష్మి. "ఎవరూ ఏం అనలా."

బావి గట్టున ఆనించి ఉన్న పార తీసుకుంది. గుంట అంచున ఫాయిజా తోడిన మట్టి అలాగే ఉంది. మొదటి పార బుడిపె మీద పడింది.

"ఆంటీ, వద్దు! చచ్చిపోద్ది!" అంది ఫాయిజా.

రెండో పార. తడిమట్టి బరువుగా ఉంది. నల్లబడిన బెరడు కనబడటం మానేసింది. బుడిపె కొస మాత్రం ఇంకా బయటికి, మునిగిపోయేవాడి నెత్తిలా ఉంది. ప్రేమలత కదల్లేదు. ఆమె పాదాల మీద మట్టి పడుతోంది. దులుపుకోలేదు. విజయలక్ష్మి ఆ పాదాల్ని చూస్తూ, పైకి చూడకుండా, మూడో పార ఎత్తింది. మచ్చ మూసుకుపోయింది. కుప్పను పార వెనకవైపుతో తట్టి, ఎప్పటిలాగే, శుభ్రంగా గుండ్రం చేసింది.

హనుమయ్య కర్ర చంకన పెట్టుకుని ఒకటికి రెండుసార్లు చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంకాస్త వెయ్యమ్మా" అన్నాడు.

ఆమె వేసింది.